కల్లం కబుర్లు – 31: మంచం మీదికి కాళ్ళు



పోయిన ఆదివారం ఈ శీర్షిక రాలేదు. "అన్నా, ఒంట్లో బాగాలేదా?" అని చాలామంది మెసేజ్ పెట్టారు. ఒంట్లో బాగానే ఉంది. మీటింగులు కూడా ఏమీ లేవు. పల్లెకెళ్ళాను. మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు తోమి, మంచమెక్కి సాయంత్రం దాకా దిగలేదు. రాయబుద్ధి కాలేదు. అంతే.

ఈ నాలుగు ముక్కలు మీకు చెప్పడానికి వారం పట్టింది. మొదట "పని ఒత్తిడి వల్ల రాయలేకపోయాను" అని టైపు చేశాను. పోస్టు చేయబోతూ ఆగాను. ఎందుకీ అబద్ధం? ఒక పూట ఊరికే పడుకున్నానని చెప్పుకోవడానికి నలభై మూడేళ్ళ మనిషికి ఇంత సిగ్గేంది? ఆ సిగ్గు నాకు ఎవరు నేర్పారు? ఇవాళ దాని గురించే.

మా పల్లె పర్చూరు దగ్గర. ఇప్పుడు జిల్లా పేరు బాపట్ల అయింది గానీ మా నోట ఇంకా ప్రకాశమే. నల్లరేగడి నేల. పత్తి, మిరప, కాస్త పొగాకు, శనగ. నా చిన్నప్పుడు మా నాయన ఊళ్ళో ఒక కామందు దగ్గర పాలేరు. అప్పట్లో పొలాలకి కరెంటు రాత్రిపూట వచ్చేది. మిరప తోటకి తడి పెట్టాలంటే రాత్రంతా మోటారు దగ్గర ఉండి, చీకట్లో ఒక్కో సాలుకీ నీళ్ళు మళ్ళిస్తూ తిరగాలి. ఒకరోజు అట్టా తెల్లార్లూ నీళ్ళు కట్టి, పొద్దున్నే కామందు గొడ్ల దగ్గర పేడ తీసి, మేతేసి, పదింటికి ఇంటికొచ్చాడు. రెండు ముద్దలు తిని వేపచెట్టు కింద నులక మంచం మీద పడుకున్నాడు.

బండి చప్పుడైంది. కామందు పల్లె మొదట్లోకి వచ్చి ఆగాడు. నాయన లేచిన వేగానికి మంచం తిరగబడింది. నులకలో కాలి వేలు ఇరుక్కుని గోరు లేచిపోయింది. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, రక్తం కారే కాలితోనే నిలబడ్డాడు.

"ఏరా, బారెడు పొద్దెక్కినా మంచం దిగలేదా? మీ జాతే సోమరి జాతిరా" అన్నాడు ఆయన.

"లేదయ్యా, ఇప్పుడే..." అన్నాడు నాయన. ఇప్పుడే ఏమిటో చెప్పలేదు. రాత్రంతా ఆ మనిషి తోటకే నీళ్ళు కట్టాడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాయనకీ తెలుసు. తెలిసే ఆయన ఆ మాట అన్నాడు. తెలిసే నాయన ఆ మాట పడ్డాడు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. అదే కామందు రోజూ మధ్యాహ్నం భోజనం చేసి వసారాలో పడక కుర్చీ వేయించుకుని నాలుగింటి దాకా కళ్ళు మూసుకునేవాడు. ఆ వేళలో మేం ఏదైనా పని మీద వెళితే గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. "అయ్యగారు నడుం వాల్చారు, తర్వాత రండి" అనేవాళ్ళు. గొంతు తగ్గించి మరీ అనేవాళ్ళు.

మిత్రులారా, మన భాషని ఒకసారి గమనించండి. ఆయన నిద్రపోతే "నడుం వాల్చారు", "కునుకు తీస్తున్నారు", "విశ్రాంతిలో ఉన్నారు". మా నాయన నిద్రపోతే "తిని తొంగున్నాడు", "పడి దొర్లుతున్నాడు", "ఒళ్ళు కొవ్వెక్కింది". నిద్ర ఒకటే, దానికి మాటలు మాత్రం ఊరికొక రకం, పల్లెకొక రకం. సోమరితనం అనేది మనిషి గుణం అనుకుంటాం. మా ఊళ్ళో అది కులానికి పెట్టిన పేరు. ఆ పేరు పెట్టించుకున్నవాళ్ళే ఆ ఊరి పని మొత్తం చేశారు.

ఇక నా సంగతి. రెండేళ్ళ క్రితం ఒంగోలు నుంచి వస్తూ బస్సులో కళ్ళు తిరిగి పడిపోయాను. బీపీ బాగా పెరిగిపోయిందన్నారు. అంతకు ముందు నెలంతా రోజుకి నాలుగైదు గంటలే నిద్ర. అట్రాసిటీ కేసు ఒకటి, హాస్టల్ పిల్లల ధర్నా ఒకటి, ఒక పుస్తకం ప్రూఫులు. అట్టా ఉండటం గొప్పని అనుకునేవాణ్ణి. "అన్న నిద్రపోడు" అని మీరెవరైనా అంటే లోపల పొంగిపోయేవాణ్ణి. ఆ రోజు డాక్టరు మందుల చీటీ రాసి, "పది రోజులు ఏ పనీ చేయొద్దు" అన్నాడు. నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. తొమ్మిది రోజులు ఉన్నాను.

మొదటి రెండు రోజులు నాకంటే అమ్మకే ఎక్కువ ఇబ్బంది అయింది. ఎవరన్నా గుమ్మంలోకి వస్తే చాలు, వాళ్ళు అడగకముందే, "పిల్లోడికి బీపీ అంట, డాక్టరు పడుకోమన్నాడు" అని చెప్పేది. జబ్బు ఉంటేనే పడుకోవాలి, ఊరికే పడుకుంటే తప్పు. చచ్చేంత పని చేసినందుకు వచ్చిన జబ్బే, కొడుకు పడుకోవడానికి ఆమెకి దొరికిన అనుమతి పత్రం.

మూడో రోజు మధ్యాహ్నం నా మంచం పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతూ అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. నేను ఎక్కడికీ లేచిపోనని ఆమెకి నమ్మకం కుదిరినట్టుంది. ఇరవై ఏళ్ళుగా నేను ఊరూరా తిరిగి పెద్దవాళ్ళ దగ్గర కథలు రాసుకున్నాను. నా ఇంట్లో ఉన్న మనిషి దగ్గర పది నిమిషాలు కూర్చోలేదు. ఆ రోజు ఆమె వాళ్ళ జేజమ్మ చెప్పిన మాట చెప్పింది. "మనోళ్ళు మొదట్లో దేవుణ్ణి నమ్ముకుంది పాటల కోసం కాదురా. ఆదివారం పనికి పోనక్కర్లేదని. దానికి తన్నులు కూడా తిన్నారంట."

ఇది నేను ఎక్కడా వినలేదు. లేచాక వెతికాను. ఉంది.

1866లో ఒంగోలుకి జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ వచ్చాడు. ఆ ఏడాదే తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. 1914లో అచ్చయిన క్లౌ ఆత్మకథలో, చేరిన మాదిగలకి పెట్టిన మూడు నియమాలు ఉన్నాయి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు. ఈ మూడింటిలో ఊరి పెద్దల జేబుకి నేరుగా తగిలింది మూడోది. మాదిగ ఎవరికి మొక్కితే కామందుకి ఏం నష్టం? కోతలప్పుడు ఒక రోజు రానంటేనే నష్టం. పనికి రాని పల్లెల మీద ఊళ్ళు పగబట్టిన సంగతులు ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

మతం సంగతి ఇక్కడ పక్కన పెట్టండి. నమ్మేవాళ్ళు నమ్ముతారు, లేనివాళ్ళు లేదు. నేను చూసేది ఆ ఒక్క రోజుని. వెట్టి కింద ఉన్న మనిషికి పొద్దు తనది కాదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళాలి. చెప్పులు కుట్టాలి, మోటకి తోలు పని చేయాలి, డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డుని లాగాలి. అట్టాంటి మనిషి "ఈ రోజు రాను" అన్నాడంటే, ఏడు రోజుల్లో ఒకటి నాది అన్నాడని. ఆ రోజున ఏం చేస్తాడు అన్నది తర్వాతి సంగతి. పాట పాడతాడో, అక్షరాలు దిద్దుతాడో, పడుకుంటాడో. ముందు ఆ రోజు తనదైంది.

బొంబాయి మిల్లు కార్మికులకి ఆదివారం సెలవు దొరికింది 1890 జూన్ 10న. జోతిరావు ఫూలే సహచరుడు నారాయణ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి పోరాడి సాధించాడు. మన దేశ కార్మికోద్యమ చరిత్రలో ఆ తేదీ ఉండాల్సిందే. అయితే అంతకు రెండు దశాబ్దాల ముందే ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెలు ఏడో రోజు పనికి రామన్నాయి. దాన్ని మనం మత చరిత్రలో పెట్టి తాళం వేశాం. శ్రమ చరిత్రలో దానికి చోటు ఇవ్వలేదు. విద్యార్థి మిత్రుల్లో ఎవరైనా పరిశోధనకి అంశం వెతుక్కుంటుంటే, ఇదిగో.

ఈ మాట చెబితే మొన్న ఒక హాస్టల్లో ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, బాబాసాహెబ్ రోజుకి పద్దెనిమిది గంటలు చదివాడు. మీరు మమ్మల్ని పడుకోమంటున్నారేంది?" మంచి ప్రశ్న. ఆ పద్దెనిమిది గంటల పోస్టరు నా గదిలో కూడా ఉండేది.

తమ్ముడూ, ఆయన అంత చదివింది మనకి దారి లేని రోజుల్లో దారి వేయడానికి. దానికి ఒళ్ళు మూల్యం కట్టింది. చక్కెర వ్యాధి, నొప్పులు పెట్టే కాళ్ళు, మసకబారిన చూపు. 65 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. ఆ పద్దెనిమిది గంటల్ని మనం పండగ చేస్తాం, ఆ నొప్పుల గురించి మాట్లాడం. పెద్దయ్యాక ఆయన వయొలిన్ నేర్చుకున్నాడు. ఆ వయొలిన్‌ని ఏ పోస్టరులోనూ వేయం.

ఇంకో సంగతి. తీరిక గురించి ఆయనే రాశాడు. అంటరానివాళ్ళకి కాంగ్రెసు, గాంధీ ఏం చేశారు అని 1945లో వేసిన పుస్తకంలో, గాంధీగారి రాట్నం వాదాన్ని విమర్శిస్తూ చెప్పిన మాట అది. సారాంశం ఏమిటంటే, పశువు బతుకు పొట్ట నింపుకోవడంతో అయిపోతుంది, మనిషి బతుకు మనసుని పెంచుకోవడం దాకా వెళ్ళాలి, దానికి తీరిక కావాలి, ఆ తీరికని ఇచ్చేది యంత్రం. యంత్రం వద్దు, ఒళ్ళు వంచి బతుకుదాం అనేవాళ్ళు, పేదవాణ్ణి పశువు బతుకులోనే ఉంచుతారు. ఈ మాటని ఆయన రాసి వదిలేయలేదు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటలున్న పనిని 48కి తగ్గించిన 1946 సవరణ ఆయన శాఖ నుంచి వచ్చిందే. పద్దెనిమిది గంటలు చదివిన మనిషి, ఇతరుల పని గంటలు తగ్గించడానికి కొట్లాడాడు. మనం ఆయన దగ్గర మొదటి సగమే నేర్చుకున్నాం.

1936లో కుల నిర్మూలనలో ఆయన ఇంకో సూక్ష్మం పట్టుకున్నాడు. ఇష్టం చూడకుండా, గౌరవం ఇవ్వకుండా పుట్టుకతోనే ఒక పనిని మెడకి కడితే, మనిషికి ఆ పని మీద విముఖత పుడుతుంది, తప్పించుకోవాలనిపిస్తుంది అన్నాడు. కామందు "సోమరి జాతి" అన్నది దీన్నే. లోపం మనిషిలో లేదు, పని ఇచ్చిన పద్ధతిలో ఉంది.

బయటి ప్రపంచంలో కూడా బద్ధకాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. క్యూబాలో పుట్టి, నల్లజాతి మూలాలున్న పాల్ లఫార్గ్, మార్క్స్ అల్లుడు, 1880లోనే సోమరిగా ఉండే హక్కు కావాలని రాశాడు. రోజుకి మూడు గంటల పని చాలన్నాడు. 1932లో బెర్ట్రాండ్ రస్సెల్ నాలుగు గంటలన్నాడు. చదవండి, బాగుంటాయి. కానీ చదువుతూ ఒక ప్రశ్న జేబులో పెట్టుకోండి. రస్సెల్ ప్రభువుల ఇంట్లో పుట్టాడు. ఆయన పడుకుంటే ఎవరూ "ఏరా" అనలేదు. మన దగ్గర బద్ధకానికి పని గంటల లెక్క ఒక్కటే సరిపోదు. ఎవరి ముందు పడుకున్నావు అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

దానికి చుండూరుని మించిన రుజువు లేదు. 1991 జులైలో గొడవ మొదలైంది ఎక్కడ? సినిమా హాల్లో. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. అతను చేసిన నేరం ఏమిటంటే టికెట్ కొనుక్కుని, సీట్లో కూర్చుని, కాలు చాపుకుని సినిమా చూడటం. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ, పనుల్లోంచి తీసేయడం. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరుని మనం ఆత్మగౌరవ పోరాటంగా చెప్పుకుంటాం, నిజమే. ఆ ఆత్మగౌరవం ఆ రోజు ఏ రూపంలో ఉందో కూడా చూడాలి. పని లేని పూట, వినోదం కోసం చాపుకున్న ఒక కాలు. పొలంలో నడిచే మన కాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. చాపుకున్న కాలిని మాత్రం ఓర్చుకోలేకపోయారు.

మా నాయన మంచం మీంచి ఎందుకు అంత వేగంగా లేచాడో, చుండూరు తర్వాత నాకు అర్థమైంది.

ఇప్పుడు మన చుట్టూ చూద్దాం. గుంటూరు మిర్చి యార్డుకి ఏటా మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు. దాదాపు నెల రోజులు. ఎండ ఎక్కువ కాబట్టి సెలవు మంచిదే. కానీ టిక్కీ లెక్కన కూలి వచ్చే హమాలీకి టిక్కీ రాకపోతే కూలి రాదు. అమ్ముడుపోని కాయ ఎక్కడికి పోతుంది? గుంటూరు చుట్టూ బారులు తీరిన కోల్డ్ స్టోరేజీల్లోకి. చీకటిగా, చల్లగా, ఎవరూ కదిలించకుండా, మంచి ధర వచ్చేదాకా పడుకుంటుంది. దాన్ని ఎవరూ సోమరి కాయ అనరు. పడుకుంటే దాని విలువ పెరుగుతుందని యజమానికి తెలుసు.

ఆ కాయ కోసిన మనిషి సంగతి వేరు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, సంసారాలకి సంసారాలు మూటలు కట్టుకుని కోతలకి మన పొలాలకి వస్తాయి. బడి మాన్పించి పిల్లల్ని కూడా తెస్తారు. పొలం గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉంటారు. కోసినంత కూలి కాబట్టి ఎవరూ నిలబడి అదిలించనక్కర్లేదు, మనిషి తనని తానే అదిలించుకుంటాడు. పొద్దుగూకాక కూడా నిద్ర పట్టదు. మిరప మంట నీళ్ళతో పోదు. మా అమ్మ రాత్రిళ్ళు చేతులకి నూనె రాసుకుని, ఒడిలో పెట్టుకుని కూర్చునేది. కాయకి చల్లటి గది ఉంది, కోసిన చేతికి లేదు.

ఉపాధి హామీ వచ్చినప్పుడు ఈ లెక్క కాస్త కదిలింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. ఆ చట్టం అనుబంధంలో పని చోట ఏం ఉండాలో రాశారు. మంచినీళ్ళు, పిల్లలకి నీడ, విశ్రాంతి వేళలు, ప్రథమ చికిత్స పెట్టె. కూలి మనిషికి విశ్రాంతి అనే మాట చట్టంలో కనిపించినందుకు నేను ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకున్నాను. చాలా చోట్ల ఆ నీడ కాగితం మీదే ఉండిపోయింది, అది వేరే సంగతి. కానీ మా ఊళ్ళో రచ్చబండ మీద మొదలైన మాట ఏమిటో తెలుసా? "ఉపాధి పని వచ్చి కూలోళ్ళు సోమరులైపోయారు." అడిగిన కూలికి రాకపోవడమే సోమరితనం. వేరే చోట కాస్త మెరుగైన కూలి దొరికి, ఇక్కడ బేరమాడితే సోమరితనం.

రచ్చబండ మీద మాట ఎంత దూరం వెళుతుందో చూడండి. 2025 డిసెంబరులో ఆ పాత చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 125 రోజుల పని అంటూనే, విత్తే కాలంలో, కోసే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే ఏర్పాటు పెట్టింది. కామందుకి కూలీలు చౌకగా కావాల్సిన రోజుల్లో కూలీకి వేరే దారి ఉండకూడదు. అదే ఏడాది మన రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు సంస్థల్లో రోజుకి తొమ్మిది గంటల పని పరిమితిని పదికి పెంచింది. విరామం ఇవ్వకుండా చేయించే పని ఐదు గంటల నుంచి ఆరుకి పోయింది. పైన కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకరు వారానికి 70 గంటలన్నారు, ఇంకొకరు 90 అన్నారు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళలో పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. నేను బస్సులో పడిన రోజు నాకు ఈ లెక్క తెలియదు. నా ఒంటికి తెలుసు.

సరే, అప్పుడప్పుడు బద్ధకించడం వల్ల మనకి లాభమేంది? నాకు అనుభవంలోకి వచ్చినవి మూడు చెబుతాను.

ఒకటి, ఒళ్ళు మనది అని ఒంటికి తెలుస్తుంది. తొమ్మిది రోజులూ మధ్యాహ్నం నిద్రలో నేను ఉలిక్కిపడి లేచేవాణ్ణి. బండి చప్పుడు వినిపించినట్టు ఉండేది. ఎనిమిదేళ్ళప్పుడు విన్న చప్పుడు. ఏడో రోజుకి ఉలికిపాటు తగ్గింది. అది ఏ ఉపన్యాసంతోనూ పోలేదు, పడుకుంటేనే పోయింది.

రెండు, ఆలోచన వస్తుంది. పరిగెత్తేటప్పుడు మనం నిన్నటి మాటలే ఇవాళ మళ్ళీ మాట్లాడతాం. కరపత్రాలు తీసి చూసుకోండి, పదేళ్ళుగా వాక్యాలు మారాయా? వినుకొండ జాషువ 1941లో గబ్బిలం రాశాడు. గుడి గర్భంలోకి మనం వెళ్ళలేం, గబ్బిలం వెళుతుంది కాబట్టి దాన్ని దూతని చేశాడని చదువుకున్నాం. నాకు ఇంకో కారణం తోస్తుంది. పగలంతా పనిలో ఉన్నవాడికి తన గోడు చెప్పుకునే తీరిక రాత్రే దొరుకుతుంది. రాత్రి మెలకువగా ఉండే ప్రాణి గబ్బిలమే. ఇది కూడా మంచం మీద పడుకుని ఇంటి వాసాలు చూస్తుంటే తోచిందే.

మూడు, పక్కనున్న మనిషి మాట వినబడుతుంది. మా అమ్మ చెప్పిన ఆదివారం కథ నాకు ఏ ఫీల్డు వర్కులోనూ దొరకలేదు.

ఫోను పట్టుకుని గంటలు గంటలు రీల్సు చూడటం నేను చెప్పే బద్ధకం కాదు. అక్కడ మన కళ్ళు ఎవరికో ఆదాయం తెచ్చిపెడుతూ పనిచేస్తూనే ఉంటాయి. పరీక్ష ముందు రోజు పడుకోమని కూడా అనట్లేదు. ఎప్పుడన్నా ఒక పూట, జబ్బు చేయకముందే, ఎవరి అనుమతీ లేకుండా పడుకోమంటున్నాను.

ఇంకో నిజం ఒప్పుకోకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. నా తొమ్మిది రోజుల బద్ధకం ఉచితంగా రాలేదు. మా ఆవిడ టీచరు, ఆమె జీతం మీద ఇల్లు నడిచింది. నాకు వండిపెట్టడానికి అమ్మ కోతలు మానేసింది, తొమ్మిది రోజుల కూలి పోయింది. ఇంట్లో ఏరడానికి తెచ్చుకున్న కాయలకి వచ్చింది ఎంతని? నేను పడుకున్నందుకు ఇద్దరు ఆడవాళ్ళు రెట్టింపు పనిచేశారు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటి పనికి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆ 88 కూడా ఇంటి పని ముట్టుకున్న మగవాళ్ళ సగటు. మా నాయనని సోమరి అన్న కామందు, తన విశ్రాంతిని మా నాయన రాత్రి మీద కట్టుకున్నాడు. నేను నా విశ్రాంతిని మా అమ్మ పగలు మీద కట్టుకుంటే తేడా ఏముంది? అందుకే గిన్నెలు తోమిన సంగతి మొదట్లోనే రాశాను. గొప్ప కోసం కాదు, లెక్క కోసం.

రోజు కూలి మీద బతికే మనిషికి "విశ్రాంతి తీసుకో" అని చెబితే బోధ అవుతుంది. ఆమె అడుగుతుంది, "ఆ పూట కూలి ఎవరిస్తారు?" అని. ఆ ప్రశ్న మన డిమాండ్ల పట్టికలోకి రావాలి. కోతల ముఠాలకి వారానికి ఒక రోజు కూలితో కూడిన సెలవు. పని చోట నీడ. ఉపాధి పని ఆపే 60 రోజులకి వ్యతిరేకత. మనం ఇన్నాళ్ళూ భూమి అడిగాం, కూలి అడిగాం, గౌరవం అడిగాం. తీరిక అడగలేదు. అడిగితే సోమరులంటారని భయం. ఆ భయాన్ని నూట యాభై ఏళ్ళ క్రితమే కొన్ని పల్లెలు దాటాయి.

మన సంఘాల్లో మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు. నెలకి ఒక ఆదివారం ఏ మీటింగూ పెట్టొద్దు. ఆ రోజు వంట మగపిల్లలు చేయాలి. "నిద్ర లేకుండా పనిచేస్తాడు" అని ఎవర్నీ సభల్లో పొగడొద్దు. అలిసిపోయి రెండు నెలలు కనబడని తమ్ముణ్ణి, చెల్లిని "ఉద్యమం వదిలేశారు" అనొద్దు. ఫోన్ చేసి, తిన్నావా, పడుకున్నావా అని అడుగుదాం.

పోయిన ఆదివారం సంగతితో ముగిస్తాను. నేను ఒక మంచం, అమ్మ ఒక మంచం. ఆమెకి డెబ్బై దగ్గరపడుతోంది. నడుం అయితే వాల్చింది గానీ కాళ్ళు మంచం దించి నేల మీదే పెట్టింది.

"కాళ్ళు పైన పెట్టుకోమ్మా" అన్నాను.

"ఎవరన్నా వస్తే లెగవాలి గదరా."

"ఎవరొస్తారమ్మా ఇప్పుడు?"

"ఏమో" అంది.

నాయన చనిపోయి పదకొండేళ్ళు. ఆ కామందు కూడా లేడు, ఆయన పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. ఆ రోడ్డు మీద బండి వస్తే అది మా పల్లె పిల్లవాడిదే. అయినా ఆ కాళ్ళు ఇంకా ఎవరి కోసమో సిద్ధంగా ఉన్నాయి. నేనేమీ అనలేదు. నాకు నిద్ర పట్టింది.

నాలుగింటికి మెలకువ వచ్చి చూశాను. అమ్మ నిద్రపోతోంది. ఒక కాలు మంచం మీద ఉంది. ఇంకోటి కిందే ఉంది.

నేను చప్పుడు చేయకుండా మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

జై భీమ్.